ఆ ఒక్క గంట ఎవరిది?

పోయిన నెల మా చిన్నాడపడుచు వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. గుమ్మంలో కాలు పెట్టానో లేదో, "ఏంటి వదినా, డైటింగ్ ఆపేశావా? సంక్రాంతికి ఎంత ఉన్నావో ఇప్పుడూ అంతే ఉన్నావే!" అంది. పక్కనే కూర్చున్న పెద్దత్తయ్యగారు అందుకున్నారు. "మొదలుపెట్టడం అందరూ మొదలుపెడతారమ్మా. నోరు కట్టుకోవద్దూ!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నా ప్లేట్లో రెండు బూరెలున్నాయి. వద్దంటున్నా వేసింది ఆవిడే.

ఇంటికొచ్చాక కూడా ఆ నవ్వు అరగలేదు. అందుకే రాస్తున్నా.

నాకు 42 ఏళ్ళు. పోయిన ఆగస్టులో 84 కిలోలు ఉన్నాను. షుగరు పరీక్షలో, అదే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీలో, 6.3 వచ్చింది. 6.5 వస్తే షుగరు వచ్చినట్టే. మా అమ్మకి షుగరుతో కాలి వేలు తీసేశారు. కట్టు మార్చింది నేనే. కాబట్టి నా తిప్పలు చీర కుచ్చిళ్ళ అందం కోసం కాదు. సంక్రాంతికి 76కి వచ్చాను. అక్కడ ఆగింది. ఏడు వారాలు మిషను ఎక్కినా దిగినా అదే 76. తిండి మారలేదు, నడక మానలేదు.

ఇలా ఆగగానే అందరూ ఒకటే మాట. "మోటివేషన్ పోయిందా?" మావారూ అదే, యోగా టీచరూ అదే, వాట్సాప్‌లో వచ్చే సూర్యోదయం బొమ్మలూ అదే. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆగింది బరువు. మీరు వెతుకుతున్నది నా గుణంలో లోపం.

అసలు బరువు ఎందుకు ఆగుతుందో ఒక్కసారి చూడండి. మొదట్లో చకచకా తగ్గేదాంట్లో చాలా భాగం నీళ్ళు. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని ఉంటుంది. అది ఖర్చవగానే ఆ నీళ్ళూ పోతాయి, మనం మురిసిపోతాం. ఆ తర్వాత, 84 కిలోల ఒంటిని మోయడానికి పట్టే శక్తి 76 కిలోల ఒంటికి పట్టదు. అదే తిండి, అదే నడక అప్పుడు తగ్గిస్తాయి, ఇప్పుడు నిలబెడతాయి. దానికి తోడు, తిండి తగ్గిందని తెలియగానే ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది.

ఇదేమీ నా కవిత్వం కాదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకి ఆరు నెలలు దాదాపు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్ళ గుండె వేగం తగ్గింది, చలి పుట్టింది, ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. కొందరు కూర్చుని వంటల పుస్తకాలు చదువుకున్నారు. 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే అమెరికా టీవీ పోటీలో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించారు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ సైజుకి ఖర్చు పెట్టాల్సిన దానికన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు పెడుతోందని 2016లో తేల్చారు. వాళ్ళవి మరీ విపరీతమైన కేసులే, మనది అంత ఉండదు. కానీ దారి అదే.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆయన జీతం తగ్గితే మనం ఏం చేస్తాం? పాలు అర లీటరు తగ్గిస్తాం, ఏసీ ఆపుతాం, నెలాఖరు దాకా లాక్కొస్తాం. అప్పుడు "ఇల్లాలంటే ఇలా ఉండాలి" అంటారు. మన ఒళ్ళు కూడా అదే పని చేస్తే మాత్రం "పట్టుదల లేదు" అంటారు!

సరే, తప్పంతా ఒంటి మీదకే నెట్టను. ఒక వారం నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాసుకున్నాను. పిల్లాడు వదిలేసిన అర దోసె. ఉప్పు చూడ్డానికి రెండు గరిటెల పులుసు. డబ్బాలో మిగిలొచ్చిన పులిహోర. "కొంచెమే కదా" అని పోపులో పడ్డ ఇంకో చెంచా నూనె. పెద్ద చెంచాడు నూనె అంటే 120 క్యాలరీల దాకా ఉంటుంది, నా అరగంట నడక దానికే సరి. అన్నం పారేయకూడదని నేర్పారు, నిజమే. కానీ ఇంట్లో నలుగురి పళ్ళాల్లో మిగిలిందానికి నా పొట్టే ఎందుకు చెత్తబుట్ట కావాలి? ఆ మాట ఎవరూ అడగరు. నేనూ 42 ఏళ్ళు అడగలేదు.

ఇక నేను చేసిన తప్పు. ఆరో వారంలో రోషం వచ్చి రాత్రి తిండి మానేసి గ్లాసు మజ్జిగతో పడుకోవడం మొదలుపెట్టాను. నాలుగో రోజు పొద్దున స్టవ్వు దగ్గర కళ్ళు తిరిగి గట్టు పట్టుకుని నిలబడ్డాను. అది పెద్ద విషయం కాదు. ఆ రాత్రి ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పళ్ళెం ముందు కూర్చుని, "నాకూ అన్నం వద్దమ్మా, మజ్జిగ ఇవ్వు. నేను కూడా లావైపోతున్నా" అంది. దాని నడుము నా పిడికెడుంటుంది.

మోటివేషన్ అని మనం నూరిపోసేది ఎక్కడికి చేరుతుందో ఆ రాత్రి తెలిసింది. ఇద్దరికీ కంచాలు పెట్టి, పప్పు, బెండకాయ కూర, పెరుగు వేసుకుని దాని ఎదురుగా కూర్చుని తిన్నాను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. ఇంతమందికి ఒక్కసారే పట్టుదల లేకుండా పోయిందా? ఇంకో లెక్క చూడండి. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. మగవాళ్ళలో అసలు చేసేవాళ్ళే తక్కువ, చేసేవాళ్ళూ పెట్టేది 97 నిమిషాలు.

మావారు పొద్దున ఆరింటికి షూ వేసుకుని వెళ్తే అది ఆరోగ్యం. అదే ఆరింటికి నేను వెళ్తే బాక్సులు ఎవరు కడతారు, పాలు ఎవరు కాస్తారు, మామగారి కాఫీ ఎవరిస్తారు? అందుకే నా నడక మధ్యాహ్నం ఎండలోకో, రాత్రి గిన్నెలు కడిగాక తొమ్మిదింటికో పోతుంది. అప్పుడు కాళ్ళు లాగి ఓ రోజు మానేస్తే, "చూశావా, నిలకడ లేదు." నిలకడ నాకు లేకపోతే ఈ ఇంట్లో పదహారేళ్ళుగా ఆరున్నరకి టిఫిను ఎలా తయారవుతోంది?

కాబట్టి బరువు ఆగిపోయిన అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేది, ఉత్సాహం కోసం వెతకొద్దు. అది వస్తుంది, పోతుంది. ముందు డాక్టరు దగ్గరికెళ్ళి థైరాయిడ్ చూపించుకోండి. రోజూ మిషను ఎక్కడం మానండి. నెలసరి ముందు, పచ్చళ్ళు ఎక్కువ తిన్న మర్నాడు ఒంట్లో నీళ్ళు చేరి ముల్లు అబద్ధం చెబుతుంది. నేను వారానికోసారి, అదే రోజు, అదే వేళకి చూస్తున్నాను. టేపుతో నడుము కొలుచుకోండి. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించకండి. కాస్త బరువులెత్తండి. కండ పోతే ఒళ్ళు ఖర్చు పెట్టేది ఇంకా తగ్గిపోతుంది. నేను రెండు కిలోల డంబెల్స్‌తో మొదలుపెట్టాను. పిండి డబ్బా ఎత్తే చేతులకి అదేమంత కష్టం కాదు.

అన్నిటికన్నా ముందు ఆ గంట అడగండి. నేను అడిగాను. గొడవైంది. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు బాక్సులు మావారు కడుతున్నారు. చపాతీలు ఆంధ్రా మ్యాపులా ఉంటున్నాయి, పిల్లలు తింటున్నారు. మిగిలినవి ఫ్రిజ్‌లోకి వెళ్తున్నాయి, నా నోట్లోకి కాదు.

నిన్న పరీక్ష రిపోర్టు వచ్చింది. 5.8. ఇంకా గట్టెక్కలేదు, 5.7 లోపుకి రావాలి. నడుము అంగుళంన్నర తగ్గింది, జాకెట్లకి లోపల ఇంకో కుట్టు వేయించుకున్నాను. బరువు 75.6. ఏడు వారాల్లో మిషను చూపించనిది నా రక్తం చూపించింది.

వచ్చే నెల మా ఆడపడుచు వాళ్ళింట్లో మళ్ళీ వ్రతం. "ఇంకా అంతే ఉన్నావే వదినా" అంటుంది, నాకు తెలుసు. ఈసారి నవ్వను. "మీ ఇంట్లో పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నీదేనా?" అని అడుగుతాను. పాపం, తను కూడా మోకాళ్ళ నొప్పులంటోంది.