ఇమడలేనివాడికి చికిత్స

‘నేనిక్కడ ఇమడలేకపోతున్నాను’ అనే మాట విద్యార్థుల నోట వినని ఉపాధ్యాయుడు ఈ రోజుల్లో ఉండడు. పల్లెనుంచి వచ్చి ఇంగ్లీషు తరగతిలో నోరు మెదపలేనివాడూ అంటాడు; కులం అడుగుతారేమోనని హాస్టల్లో నలుగురి మధ్య కూర్చుని అన్నం తిననివాడూ అంటాడు; మార్కులు తగ్గి కింది సెక్షనుకు దిగినవాడూ అంటాడు. దీనికి రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. రెండూ తప్పని నా వాదన.

మొదటిది వ్యక్తిత్వ వికాసంవారిది. లోకాన్ని మార్చలేవు, నిన్ను నువ్వు ప్రేమించుకో, ఉన్నవాడివి ఉన్నట్టు నిన్ను స్వీకరించు అంటారు. వినడానికి ఎంత హాయిగా ఉంది! కాని మాట యాసగా ఉందని తరగతి అంతా నవ్వితే సిగ్గుపడి నోరు మూసుకున్నవాడు స్వీకరించవలసింది తన మాటనా, తన మౌనాన్నా? ఆ పుస్తకాలు ఈ ప్రశ్న వేయవు. వేస్తే నవ్వినవాళ్ళ గురించి కూడా మాట్లాడవలసి వస్తుంది.

రెండవది మనవాళ్ళది. అందుకే దానిమీద నాకు కోపం ఎక్కువ. మన మిత్రులు కొందరు ఒకడి దిగులు చెవిన పడగానే ‘పెటీబూర్జువా వ్యక్తివాదం’ అని ముద్రవేసి పక్కకు నెడతారు. వ్యవస్థ మారితే దిగుళ్ళు వాటంతట అవే పోతాయట! అందాకా ఆ కుర్రవాడు ఏం చెయ్యాలి? సభలకు వచ్చి చప్పట్లు కొట్టాలి కాబోలు.

ఈ రెండు వాదాలకూ 1950లలోనే ఒక మనోవైద్యుడు ఆచరణలో జవాబు చెప్పాడు. ఫ్రాంజ్ ఫానన్ పేరు మనం తరచు తలుస్తాం గాని, విప్లవకారుడుగానే తప్ప వైద్యుడుగా ఆయనను చదివినవారు తక్కువ. మార్టినిక్ ద్వీపంలో పుట్టిన ఈ నల్లజాతి వైద్యుడు 1953లో, ఫ్రెంచి పాలన కింద ఉన్న అల్జీరియాలో, బ్లిడా మానసిక వైద్యశాలలో చేరాడు. ఆయన చూసేది 165 మంది యూరపియన్ స్త్రీలను, 220 మంది ముస్లిం పురుషులను. రోగులను బంధించి ఉంచడంకన్నా వాళ్ళలో వాళ్ళకు ఒక సంఘజీవితం ఏర్పరచడమే వైద్యమని ఆయన నమ్మకం. సమావేశాలు పెట్టాడు, పత్రిక నడిపించాడు, పండుగలు చేయించాడు, అల్లికపనులు ఇచ్చాడు. స్త్రీలు కోలుకోసాగారు. పురుషుల్లో చలనం లేదు.

ఆనాటి అల్జీర్సు మనోవైద్యులైతే దీనికి తడుముకోకుండా కారణం చెప్పేవారు: దేశీయుడి మెదడే అనాగరికమైనదని వాళ్ళ సిద్ధాంతం! ఫానన్ అది ఒప్పుకోలేదు. 1954లో సహచరుడు అజులేతో కలిసి రాసిన వ్యాసంలో తమ పద్ధతినే బోనెక్కించాడు. రోగుల భాష వైద్యుడికి రాదు. ప్రతి మాటకూ దుబాసీ కావాలి. పండుగలు క్రైస్తవులవి. బుట్టలల్లడం వాళ్ళ దృష్టిలో ఆడవాళ్ళ పని. అటువంటి వార్డులో ఇమడకపోవడం జబ్బెలా అవుతుంది? ఫానన్ వార్డును మార్చాడు. అరబ్బుల తరహా కాఫీ దుకాణం తెరిపించాడు, ముస్లిం పండుగలు జరిపించాడు, కథలు చెప్పేవాణ్ణి పిలిపించాడు. బిగుసుకుపోయిన మనుషుల్లో కదలిక వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆగండని ఆయన రోగులకు చెప్పలేదని మన మిత్రులు గమనించాలి. అల్జీరియాకు స్వాతంత్ర్యం 1962లో గాని రాలేదు. ఆయన 1961లోనే పోయాడు. అలాగని కాఫీ దుకాణంతో తృప్తిపడనూ లేదు. మనిషికి తన పరిసరాలు పరాయివి కాకుండా చెయ్యడం వైద్యుడి పని అయితే, సొంత గడ్డమీదనే అరబ్బును పరాయిని చేసిన పాలనలో ఆ పని సాగదని రాసి, 1956లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు.

మన కళాశాలలు ఆసుపత్రులు కావు, మన విద్యార్థులు రోగులు కారు. అయినా వార్డును అడగవలసిన ప్రశ్న వాటినీ అడగవచ్చు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు పైబడి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హతగల కౌన్సిలరునో, మనస్తత్వ నిపుణుడినో, సామాజిక కార్యకర్తనో పెట్టాలన్నది అందులో ఒకటి. మార్కులనుబట్టి పిల్లలను విడగొట్టరాదు, నలుగురిలో అవమానించరాదు అన్నది ఇంకొకటి. ఈ రెండవదానికి మాత్రం ‘వీలైనంతవరకు’ అనే మాట తగిలించారు. ఆ ఒక్క మాటలో ఎంత పెద్ద కళాశాలైనా పడుతుంది!

మొదటిదానికి ఒక గది, ఒక జీతం చాలు. రెండవదానికి వ్యాపారం అడ్డం వస్తుంది: పై సెక్షనును చూపించే కదా కింది సెక్షనువాళ్ళ తండ్రుల దగ్గర ఫీజు వసూలు చేసేది. ఇక గదిలో కౌన్సిలరు ‘నిన్ను నువ్వు స్వీకరించు’ అంటూ ఉంటాడు, గది బయట గోడమీద మార్కుల జాబితా వేలాడుతూ ఉంటుంది.

కౌన్సిలరు వద్దని నేననను. రాత్రిళ్ళు నిద్రపట్టనివాడికి చెప్పుకునే మనిషి కావాలి. విప్లవం నాటికి కాదు, ఈ రాత్రికే కావాలి. ఉపాధ్యాయ సంఘాల మిత్రులను నేనడిగేదల్లా, ఈసారి కోర్కెల పత్రంలో జీతాల పక్కన ఆ జాబితా సంగతి కూడా రాయమని. విద్యార్థి మిత్రులను ఇంకొకటి అడగాలి. మీ అధ్యయన తరగతిలో ‘గతితార్కిక భౌతికవాదం’ అని నోరు తిరగక వెనక బెంచీలో ముడుచుకుని కూర్చున్నవాడు ఒకడుంటాడు. వాణ్ణి వాడి ఊరి మాటలో ఎన్నడైనా మాట్లాడనిచ్చారా?