ఓడ ఎక్కేవాళ్ల జాబితా ఎవరు రాశారు?

భూమికి కాలం మూడింది. ఏ తోకచుక్కో, ఏ నక్షత్రమో వచ్చి ఢీకొట్టబోతోంది. అందరినీ తీసుకుపోవడానికి చోటు లేదు, కొందరినే ఓడ ఎక్కించాలి. ఎవరిని? సైన్స్ ఫిక్షన్ అనే ఇంగ్లీషు కథల్లో ఇది బాగా నలిగిన కథ. తొంభై ఏళ్లకు పైగా దీన్నే తిప్పి తిప్పి రాస్తున్నారు, సినిమాలు తీస్తున్నారు. కూలికీ నాలికీ పోయేవాళ్లకు ఈ కథలతో ఏం పని అని మిత్రులు అడగొచ్చు. పని ఉంది. ఈ కథల్లో తోకచుక్క వట్టి సాకు. అసలు సంగతి జాబితా. జాబితాల సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్లెవరు?

1933లో బామర్, వైలీ అనే ఇద్దరు అమెరికన్లు రాసిన 'వెన్ వరల్డ్స్ కొలైడ్' నవలను 1951లో సినిమాగా తీశారు. ఒక ముసలి కోటీశ్వరుడు డబ్బు పెడతాడు, వందల మంది రాత్రింబగళ్లు ఓడ కడతారు. చోటు మాత్రం నలభై మందికో ఎంతో. చీటీలు వేస్తారు. చీటీ రానివాళ్లు చివరి ఘడియలో తిరగబడతారు. సినిమా వాళ్లను అల్లరి మూకలాగా చూపిస్తుంది. కట్టిన చేతులవి, ఆ ముక్క మాత్రం ఎవరూ అనరు. కొత్త లోకానికి చేరినవాళ్ల మొహాలు చూడండి. ఒక్క నల్లమొహం లేదు. మానవజాతిని కాపాడాం అంటారు! ఎవరి జాతిని?

1998లో వచ్చిన 'డీప్ ఇంపాక్ట్' కొంచెం మర్యాదగా చెప్పింది. మిస్సోరీ రాష్ట్రంలో సున్నపురాతి గుహలు తవ్వి పది లక్షల మందిని దాచాలి. అందులో రెండు లక్షల మందిని ముందే ఎంపిక చేశారు. సైంటిస్టులు, డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు, సైనికులు, కళాకారులు. మిగతా ఎనిమిది లక్షలు లాటరీ. లాటరీలో యాభై దాటినవాళ్లకు చోటు లేదు. ఈ మాట దేశానికి చెప్పే ప్రెసిడెంటు నల్లవాడు. కుర్చీలో మనవాడు కూర్చున్నంత మాత్రాన జాబితా మారదని కూడా ఇందులో నేర్చుకోవచ్చు.

ఈ లెక్కన మేము టీచర్లం కాబట్టి మాకు గుహలో సీటు దొరికినా దొరకొచ్చు. నాట్లేసి, కలుపు తీసి, మమ్మల్ని మొదటిసారి బడి గడప తొక్కించిన అమ్మానాన్నలకు యాభై ఎప్పుడో దాటాయి. వాళ్లు బయటే. చదువుకున్నవాడు పనికొచ్చేవాడు, చదివించినవాళ్లు పనికిరానివాళ్లు. దీన్నే మెరిట్ అంటారు. రిజర్వేషన్ల గొడవ వచ్చినప్పుడల్లా మనం వింటున్న మెరిట్ ఇదే. అక్కడ సీటు కాలేజీలో, ఇక్కడ గుహలో.

మెరిట్ ముసుగు కూడా అక్కర్లేదనుకున్న సినిమా 2009లో వచ్చిన '2012'. తెలుగులోకి డబ్బింగ్ అయి మన పట్టణాల్లోనూ ఆడింది. ప్రళయం రాబోతోందని ముందు కనిపెట్టింది ఒక భారతీయ సైంటిస్టు. ఓడలో సీటు ధర మాత్రం నూరు కోట్ల యూరోలు. ఓడలు కట్టింది చైనా కార్మికులు, వాళ్లకు సీట్లు లేవు. కనిపెట్టినవాడి కోసం పంపిస్తామన్న విమానం రానే రాదు. భార్యాబిడ్డలతో సహా నీళ్లపాలవుతాడు. పని మనది, సీటు వాళ్లది. ఇంకా వివరంగా చెప్పాలా?

పనికిరానివాళ్లెవరో తేల్చడం ఎంత ప్రమాదమో ఇంగ్లండు రచయిత డగ్లస్ ఆడమ్స్ నవ్విస్తూ చెప్పాడు. 1980 నాటి ఆయన నవలలో ఒక గ్రహంవాళ్లు లోకం అంతమైపోతోందని అబద్ధం చెప్పి, పనికిరాని జనమంతటినీ ఒక ఓడలో ముందు పంపించేస్తారు. అందులో దళారీలున్నారు, మంగలివాళ్లున్నారు, టెలిఫోన్లు తుడిచి శుభ్రం చేసేవాళ్లున్నారు. పీడ వదిలిందని మిగిలినవాళ్లు హాయిగా బతికారు. ఎన్నాళ్లు? మురికి టెలిఫోన్ నుంచి పుట్టిన రోగంతో ఆ గ్రహం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. రచయితకు మన సంగతి తెలియకపోవచ్చు. పాకీపని చేసే అక్కకు ఈ కథ చెప్పండి, ఆమెకు అర్థం అడగాల్సిన పని ఉండదు.

ఇదే కథను నల్లజాతివాళ్లు రాస్తే ఎట్లా ఉంటుంది? 1920లో డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 'ది కామెట్' రాశాడు. తోకచుక్క విషవాయువుతో న్యూయార్క్ చచ్చిపోతుంది. బతికింది బ్యాంకులో పనిచేసే ఒక నల్ల మనిషి. విలువైన మనుషులు దిగకూడని నేలమాళిగలోకి వాణ్ణి దింపారు కాబట్టే బతికాడు. ఒక తెల్ల స్త్రీ కూడా మిగులుతుంది. లోకం పోయాక ఇద్దరూ మనుషుల్లాగా ఒకరినొకరు చూసుకుంటారు. అంతలో ఆమె తండ్రి బతికి వస్తాడు, జాతిభేదం కూడా ఆయనతోపాటే తిరిగొస్తుంది. 1992లో డెరిక్ బెల్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు కథను తలకిందులు చేశాడు. ఆకాశం నుంచి ఓడలు దిగి, బంగారం ఇస్తాం, గాలీనీళ్లూ శుభ్రం చేస్తాం, బదులుగా మీ నల్లవాళ్లందరినీ ఇవ్వండి అంటాయి. అమెరికా ఓటు వేసి మరీ ఇచ్చేస్తుంది. ఓడ ఎక్కడం బతకడమని తెల్లవాడి కథ. వాళ్ల అనుభవంలో ఓడంటే గొలుసులు.

మనకూ ఒక ఓడ కథ ఉంది. భారతంలో ప్రళయం వచ్చినప్పుడు మనువు పడవ కట్టించుకున్నాడు. ఎక్కింది మనువు, సప్తఋషులు, విత్తనాలు. చెక్క కోసిందెవరు, మోకు పేనిందెవరు? కథలో లేదు. స్మృతి రాసిన మనువు వేరు, ఈ మనువు వేరు అని పండితులు అంటారు. అననివ్వండి. మునిగిపోయినవాళ్ల పేర్లు ఇద్దరి దగ్గరా లేవు.

ఇదంతా కథే కదా అంటారా? 2005 ఆగస్టులో కత్రినా తుపాను ముందు న్యూ ఆర్లీన్స్ ఊరు ఖాళీ చేయమన్నారు. కార్లున్నవాళ్లు పోయారు. కార్లు లేనివాళ్లు, ఎక్కువమంది నల్ల పేదలు, నీళ్లలో చిక్కుకుపోయారు. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు శిబిరాల్లో దళితులను వేరుగా పెట్టారని, సాయం అందకుండా అడ్డుకున్నారని హక్కుల సంఘాలు రాశాయి. అందరి మీదికీ వచ్చింది ఒకటే అల. ఆ అల వెనక్కి పోయినా కులం పోలేదు.

చోటు తక్కువైతే ఎవరో ఒకరు ఎంచాలి కదా అని పెద్దమనుషులు అంటారు. సరే, ఎంచండి. ఎంచే కమిటీలో ఎవరున్నారో ముందు చెప్పండి. ఓడ కట్టినవాడికి హక్కుందా లేదా చెప్పండి. పదిమందికే ఓడ కట్టాలని నిర్ణయించిన రోజు మమ్మల్ని అడిగారా, అదీ చెప్పండి.

కార్యకర్తలు తోకచుక్క కోసం ఎదురుచూడక్కర్లేదు. తుపాను షెల్టరు ఊళ్లో కట్టారా, మన పేటకు దగ్గరగా కట్టారా? వరదొస్తే మొదటి పడవ ఏ వీధికి పోతుంది? బాధితుల పేర్లు ఎవరి అరుగు మీద కూర్చుని రాస్తున్నారు? నీళ్లు రాకముందే అడగండి. జాబితాను మన పేటలో అందరి ముందూ చదివించండి, లేని పేరు అక్కడికక్కడే రాయించండి. ఓడ కదిలాక ఒడ్డున నిలబడి అరిస్తే వినేవాడుండడు.