కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు సెట్టింగులు చూడాలి

పీఎస్‌పీ ఆట కంప్యూటర్‌లో నత్తనడక నడిస్తే చాలామంది ముందుగా నిందించేది యంత్రాన్నే. గ్రాఫిక్స్ కార్డు చాలదని, కొత్త ల్యాప్‌టాప్ కొనాలని తేల్చేస్తారు. లెక్క వేసి చూస్తే ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటే.

2004లో సోనీ విడుదల చేసిన ఈ చేతి పరికరం తెర 480×272 పిక్సెళ్లు. పీపీఎస్‌ఎస్‌పీపీ ఎమ్యులేటర్‌లో రెండరింగ్ రిజల్యూషన్‌ను 4 రెట్లు చేస్తే పొడవు, వెడల్పు రెండూ పెరిగి, గీయాల్సిన పిక్సెళ్లు 16 రెట్లవుతాయి. పాత ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా కనిపించే 1366×768 తెరకు 3 రెట్లే సరిపోతుంది. అంతకు మించితే భారం పెరుగుతుంది గానీ, కంటికి పెద్దగా తేడా తెలియదు.

రిజల్యూషన్ తగ్గించినా వేగం పెరగలేదంటే చిక్కు బహుశా గ్రాఫిక్స్‌లో లేదు. పీఎస్‌పీ ప్రాసెసర్ ఆదేశాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే పని ప్రధాన ప్రాసెసర్‌దే. ల్యాప్‌టాప్ పవర్ సేవర్‌లో ఉందా, వేడెక్కి వేగం తగ్గించుకుంటోందా అన్నది అప్పుడు చూడాలి. ఫ్రేమ్ స్కిప్పింగ్‌ను మాత్రం ఆఖరున వాడాలి. అది కొన్ని ఫ్రేములను గీయకుండా వదిలేస్తుంది. ఆట వేగం అందుకున్నా కదలికల్లో కుదుపు మిగులుతుంది.

అన్నింటికన్నా ముఖ్యం, ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చడం. ఆటలో అదే సన్నివేశం దగ్గర ప్రతిసారీ ఎఫ్‌పీఎస్ చూసి రాసుకోవాలి. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. బడిలో ప్రయోగాలకు నేర్పే పద్ధతి ఇదే. ఇంట్లో పిల్లలు దాన్ని ఆటతోనే నేర్చుకుంటే, పనికొచ్చే ల్యాప్‌టాప్ ఒకటి ఈ-వ్యర్థాల్లో చేరకుండా మిగలవచ్చు.