ఫ్లెక్సీ పనా? ఏఐ వీడియోనా? ఏజెన్సీ యువతకు చిక్కు ప్రశ్న

భద్రాచలం: ఇంటర్, డిగ్రీ పూర్తిచేసి ఇంటిపట్టున ఉన్న ఏజెన్సీ యువకులు ఇప్పుడొక కొత్త మీమాంసలో పడ్డారు. పట్నం వెళ్లి గ్రాఫిక్ డిజైన్ నేర్చుకోవడమా, లేక నాలుగు మాటలు చెబితే వీడియో తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధ, వాడుకలో ఏఐ, దాన్ని పట్టుకోవడమా అన్నదే ఆ మీమాంస. మొదటిది పాతబడిందని, ఇక రాబోయేది రెండోదాని కాలమేనని ప్రచారం జోరుగా సాగుతోంది. మిర్చి అమ్మిన సొమ్ములో నుంచో, తునికాకు కూలిలో నుంచో ఫీజు కట్టవలసిన తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు.

ఈ ప్రాంతంలో డిజైన్ పని అంటే ఏమిటో ముందుగా చూడాలి. భద్రాచలం, కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు పట్టణాలలో ఈ పని చేసే దుకాణాలకు వచ్చేవారు అడిగేవి శుభలేఖలు, కరపత్రాలు, ఎరువుల దుకాణం బోర్డులు, బిల్లు పుస్తకాలు, జాతర ఫ్లెక్సీలు, దశదిన కర్మ కార్డులు. 2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. సర్పంచి అభ్యర్థికి గుర్తు కేటాయించిన తర్వాత పోలింగుకు మిగిలింది వారం రోజులే. ఆ వారంలోనే పేరు, వార్డు, గుర్తు తప్పు లేకుండా కరపత్రం అచ్చయి ఊరు చేరాలి. గుర్తు తారుమారైతే ఓటూ తారుమారే. అలాంటి పనికి మాయలూ మంత్రాలూ అక్కర్లేదు, నిదానంగా సరిచూసే కన్ను కావాలి.

అలాగని డిజైన్ నేర్చినవారికి ఢోకా లేదనుకుంటే పొరపాటే. 2000 సంవత్సరం తర్వాత ఫ్లెక్సీ యంత్రాలు వచ్చి, కుంచె పట్టి బోర్డులు రాసే కళాకారుల నోటికాడి కూడు తీసిన సంగతి విదితమే. వారిలో కంప్యూటరు పట్టినవారు నిలదొక్కుకున్నారు. ఇప్పుడు ఆ వంతు ఫ్లెక్సీ డిజైనర్లకు వచ్చింది. పుట్టినరోజు ఫ్లెక్సీలో తలకాయలు అతికించడం వరకే తెలిసినవాడి పని ముందుగా పోతుంది. ఆ పనిని కాన్వా వంటి యాప్‌లతో ఫోన్‌లో ఎవరికి వారే చేసుకుంటున్నారు. (ఇరవై ముఖాల మధ్య నాయకుడెవరో వెతుక్కోవలసిన ఆ ఫ్లెక్సీలు పోయినా ఊరికి వచ్చే నష్టం లేదు.)

అక్షరం దగ్గరే అసలు తంటా

ఇక వీడియోల సంగతి. 2025 మే నెలలో గూగుల్ సంస్థ ప్రకటించిన వియో 3 అనే పరికరం దృశ్యానికి మాటలు, చప్పుళ్లు కూడా జోడించి ఇవ్వడంతో ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. అయితే అది ఒక్క దఫాకు ఇచ్చింది 8 సెకన్ల ముక్క. సెకనుకు 24 బొమ్మల లెక్కన అందులో 192 బొమ్మలుంటాయి. దృశ్యంలో దుకాణం బోర్డు మీద ‘శ్రీలక్ష్మి’ అని ఉంటే, ఆ పేరు 192 బొమ్మలలోనూ చెక్కుచెదరకుండా నిలవాలి. ఏఐకి అక్షరమంటే గీతల పోలికే తప్ప చదువు కాదు. పైగా అది చూసి నేర్చుకున్నదానిలో ఇంగ్లీషుతో పోలిస్తే తెలుగు పాలు బహు తక్కువ. కనుక ఒక బొమ్మలో ఉన్న వత్తు మరో బొమ్మలో మాయమయ్యే ప్రమాదం ఉంది. పరికరాలు నెలనెలా మెరుగుపడుతున్న మాట నిజమే. కానీ పెళ్లికూతురి పేరులో వత్తు పోతే వియ్యాలవారు ఆ మెరుగుదల కోసం ఆగరు కదా. అనుభవం ఉన్నవారు దృశ్యం వరకే ఏఐతో చేయించి, అక్షరాలను విడిగా తామే పేర్చుతారు. అంటే అక్కడ కూడా డిజైన్ తెలిసి తీరవలసిందే.

బొమ్మల విషయంలోనూ ఇదే చిక్కు. భద్రాద్రి రామయ్య నాలుగు చేతుల స్వామి. శంఖం, చక్రం, ధనుస్సు, బాణం ధరించి, ఎడమ తొడపై సీతమ్మను కూర్చుండబెట్టుకుని దర్శనమిస్తాడు. వట్టి మాటలతో రాముడి వీడియో కావాలని అడిగితే, లోకమంతటా వాడుకలో ఉన్న రెండు చేతుల కోదండరాముడే వచ్చే అవకాశం ఎక్కువ. దుమ్ముగూడెం కొమ్ము కోయ నృత్యం అడిగితే, తలపై కొమ్ములకు బదులు ఏ దేశపు ఈకలో వచ్చి పడవచ్చు. తెలియనివారికి అది బాగానే కనిపిస్తుంది. నవమికి వచ్చే భక్తులూ, కోయ పెద్దలూ మాత్రం ఒప్పుకోరు.

మరో లెక్క ఉంది. వీడియోలోని బొమ్మను తీసి ఫ్లెక్సీ వేయిస్తే చాలదా అని అడిగేవారున్నారు. మామూలు హెచ్‌డీ వీడియో వెడల్పు 1920 చుక్కలు. దానిని 10 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి 16 చుక్కలే పడతాయి, ముఖం అలుక్కుపోతుంది. కోరల్‌డ్రాలో గీతలుగా వేసిన అక్షరం ఎంత పెద్దదైనా అంచు చెడదు. తెర మీద మెరిసే ఆకుపచ్చ కాగితం మీద ఎందుకు వెలిసిపోతుందో, ఫోన్‌లో టైపు చేసి పంపిన యూనికోడ్ తెలుగు అను ఫాంట్లలోకి మార్చకుండా అతికిస్తే ఎందుకు చెదిరిపోతుందో తెలియడం కూడా ఈ విద్యలోనే ఉంది. వాట్సాప్‌లో ఆహ్వాన వీడియో పంపుతున్న ఇళ్లలో కూడా నాలుగు మూలలా పసుపు పూసిన శుభలేఖ అచ్చు వేయించడం మానలేదు.

ఏఐ వీడియోకు చోటు లేదని దీని అర్థం కాదు. కెమెరా, మనుషులు లేకుండా చిన్న దుకాణానికి అరనిమిషం ప్రకటన చేయడానికి, స్టేటస్‌లో పెట్టుకోవడానికి అది బాగా పనికివస్తుంది. కానీ దానికి నెలనెలా చందా కట్టాలి. ఒకసారి కుదరకపోతే మళ్లీ అడగాలి, అడిగిన ప్రతిసారీ క్రెడిట్లు ఖర్చవుతాయి. డిజైన్‌లో తప్పు వస్తే ఆ ఒక్క అక్షరమే దిద్దుకోవచ్చు.

చట్టం సంగతి కూడా మరువరాదు. ఏఐతో చేసిన ప్రచార సామగ్రిపై, తెరలో కనీసం 10 శాతం మేర ఆ విషయం కనబడేలా రాయాలని కేంద్ర ఎన్నికల సంఘం 2025 అక్టోబరులో పార్టీలకు, అభ్యర్థులకు సూచించింది. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర ఐటీ నిబంధనల సవరణ కూడా నిజమని భ్రమింపజేసే ఏఐ దృశ్యాలకు గుర్తింపు తప్పనిసరి చేసింది. ఊరి తగాదాలో ఎదుటివాడి గొంతుతో వీడియో చేసిపెట్టమని ఎవరైనా డబ్బు ఆశ చూపితే, చేయించినవాడు తప్పుకుని చేసిన కుర్రవాడు ఇరుక్కునే అవకాశమే ఎక్కువ.

అన్నీ ఆలోచిస్తే ఏజెన్సీ యువత ముందు డిజైన్ నేర్చి, తర్వాత వీడియో వైపు వెళ్లడమే మేలు. ఫీజు కట్టేముందు తెలుగు అక్షరం కూర్చడం, ముద్రణ కొలతలు, తప్పులు దిద్దడం నేర్పుతారా అని శిక్షణ సంస్థను అడగాలి. గిరిజన యువతకు ఐటీడీఏ ఇప్పించే శిక్షణలలో ఈ పనికి చోటు కల్పించే విషయం అధికారులు పరిశీలించాలి. అసలు చేతిలో పైసా లేనివారికి కూడా దారి ఉంది. ఇంక్‌స్కేప్, గింప్ అనేవి ఉచితంగా దొరికే ప్రోగ్రాములు. ఒకసారి కంప్యూటరులో ఎక్కించుకుంటే, చర్ల అడవి అంచు గ్రామాలలో సిగ్నల్ పోయిన రోజు కూడా పనిచేస్తాయి.