అమ్మపల్లి సెంటిమెంటు, మన నూనె సీసా



మన తొండుపల్లికి దగ్గరే, నర్కుడలో ఉన్న అమ్మపల్లి గుడి మీకు తెలిసిందే. ఏడంతస్తుల గోపురం, నల్లరాతిలో మలిచిన సీతారామలక్ష్మణుల విగ్రహాలు. ఆ పాత రాళ్లకు సినిమావాళ్లు ఒక సెంటిమెంటు తగిలించారు: అక్కడ ఒక్క షాట్ తీస్తే చాలు, సినిమా హిట్టు! ఆ రాయి చెక్కిన శిల్పికి కలలో కూడా బాక్సాఫీసు వచ్చి ఉండదు.

మొన్న మన యువకులు దీని గురించి నవ్వుతుంటే నేనూ నవ్వాను. అక్కడ మొక్కుకునేవారి భక్తిని నేను ఎగతాళి చేయను, అది వేరే సంగతి. నా మాటంతా ఈ అదృష్టం లెక్క గురించే. ఆడిన సినిమా పేరు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. మూడో రోజుకే హాలు ఖాళీ అయిన సినిమాకూ అక్కడే కొబ్బరికాయ కొట్టారని ఎవరు చెప్తారు?

ఇంటికొచ్చాక నా నవ్వు ఆగిపోయింది. అభిషేక తైలమని సీసాలు పంచింది నేనే కదా! ఇప్పుడవి ఆటో అద్దానికి వేలాడుతున్నాయి, కిరాణా కొట్టు గల్లాలో ఉన్నాయి, వీసా ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లల జేబుల్లో ఉన్నాయి. వీసా వచ్చినవాడికి మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించాను. రానివాడికి ఒక్కసారైనా ఇచ్చానా?

భర్తకు నలభై రోజులు ఆ నూనె రాసిన మన సహోదరి చివరికి ఆయనను సమాధి చేసింది. "నీకు విశ్వాసం చాలలేదమ్మా" అని మనలోనే ఒకరు అన్నారు. అప్పటినుంచి ఆమె ఆరాధనకు రావడం లేదు. సినిమా పోతే నిర్మాతకు డబ్బు పోతుంది. మనం ఈమె దగ్గర ఏం పోగొట్టాం?

యాకోబు 5:14లో నూనె ఉంది కదా అయ్యగారూ అంటారు. ఉంది. అక్కడ సంఘపెద్దలు రోగి దగ్గరికి వచ్చి ప్రార్థన చేయాలి. మనం పెద్దలను ఇంట్లో కూర్చోబెట్టి సీసాను పంపించాం! ఇత్తడి సర్పాన్ని చేయమని మోషేతో చెప్పింది దేవుడే. అయినా జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు (2 రాజులు 18:4). దేవుడు చేయమన్నదానికే ఆ గతి పడితే, నేను పంచిన సీసా ఎంత?

ఇకమీదట సీసాలు ఇవ్వను. మీ దగ్గర ఉన్నది తలకు రాసుకోండి. అది బజారులో కొన్న మామూలు కొబ్బరినూనె.

ఈ శనివారం సాయంత్రం పెద్దలం ఆ సహోదరి ఇంటికి వెళ్తున్నాం, క్షమాపణ అడగడానికి. ఆ మాట అన్నవారు ఎవరో వారికి తెలుసు. వారు కూడా ఐదున్నరకు చర్చి దగ్గరికి రావాలని కోరుతున్నాను.