పోలిక వేరు, పుట్టుక వేరు

ఏ కళలోనైనను ప్రథముడెవరన్న చర్చ వినుటకు ఇంపుగా ఉండును, తేల్చుట కష్టము. ‘ఆసిడ్ హౌస్’ అన్న పాశ్చాత్య నృత్యసంగీతము విషయములో ఈ చర్చ కొన్నేండ్లుగా మన దేశమును కూడ తాకినది. ఆ సంగీతము అమెరికాలో కంటె ముందే బొంబాయిలో పుట్టినదనియు, దాని పితామహుడు భారతీయుడే అనియు కొందరు ఉత్సాహముతో చెప్పుచున్నారు. ఈ మాట పాఠముగా తరగతి గదికి చేరకముందే దానిని నిదానించి చూచుట మంచిది.

జరిగిన సంగతి ఇది. చరణ్‌జీత్ సింగ్ గారు బొంబాయి సినీ వాద్యబృందములలో గిటారు, కీబోర్డు వాయించిన కళాకారులు. 1982లో ఆయన రోలండ్ అన్న జపాను కంపెనీ చేసిన మూడు ఎలక్ట్రానిక్ యంత్రములతో పది హిందూస్తానీ రాగములను డిస్కో దరువుపై వాయించి రికార్డు చేసినారు. దరువుకు టి.ఆర్. 808, మంద్రస్వరములకు టి.బి. 303, రాగమునకు జూపిటర్ 8. భూపాలి, యమన్, మాల్‌కౌంస్, తోడి, భైరవ్ మొదలైనవి అందులో ఉన్నవి. తబలా మాత్రము లేదు. గ్రామఫోన్ కంపెనీ విడుదల చేసిన ఆ రికార్డును నాడు పట్టించుకొన్నవారు అరుదు. 2010లో నెదర్లాండ్సుకు చెందిన ఒక చిన్న సంస్థ దానిని మరల వెలువరించిన పిమ్మటనే లోకము చెవి యొగ్గినది. 2015లో ఆయన మరణించునాటికి విదేశములలో ఆయన పేరు మారుమ్రోగినది.

ఇక అమెరికా సంగతి. చికాగోలో ‘ఫ్యూచర్’ అన్న బృందముగా కూడిన ముగ్గురు నల్లజాతి యువకులు ఒక పాత 303 యంత్రమును సంపాదించి, దాని మీటలను ఇష్టము వచ్చినట్లు త్రిప్పి, వెలువడిన వింత ధ్వనినే సంగీతముగా మలచినారు. వారి ‘ఆసిడ్ ట్రాక్స్’ 1987లో వెలువడినది. మరుసటి ఏడు ఇంగ్లండులోని మాంచెస్టరు నుండి ‘808 స్టేట్’ బృందము ‘న్యూబిల్డ్’ అన్న ఆల్బమును తెచ్చి విమర్శకుల మెప్పు పొందినది. ఆ బృందము పేరులోని 808 సింగ్ గారు వాడిన దరువు యంత్రమే.

పోలిక ఉన్నదనుట నిజము. దానికి కారణమును యంత్రములోనే వెదకవలెను. బాస్ గిటారుకు బదులుగా పనికివచ్చునని 1981లో చేసిన 303, గిటారు వలె పలుకలేక అంగడిలో ఓడిపోయినది. కాని స్వరము నుండి స్వరమునకు జారుట దానికి చక్కగా వచ్చును. ఆ జారుడు రాగమునకు ఒదిగినది. చికాగో నృత్యశాలకును ఒదిగినది. పైగా రెండు చోట్లను పాశ్చాత్యుల కార్డుల మార్పు లేదు. ఒకే దరువు సాగిపోవును. ఒకే పనిముట్టు, ఒకే విధమైన నడక దొరికినపుడు ఇద్దరి సృష్టి దగ్గరగా వచ్చుటలో వింత లేదు. చికాగో యువకులు బొంబాయి రికార్డును విన్నారనుటకు మాత్రము ఆధారము లేదు.

సంగీతోపాధ్యాయులకు ఈ మెలకువ క్రొత్త కాదు. హిందూస్తానీ భూపాలి మన భూపాలము కాదు, మన మోహన. వారి మాల్‌కౌంస్ మన హిందోళము. వారి హిందోల్ వేరు. వారి తోడి మన తోడి కాదు, శుభపంతువరాళికి చేరువ. పేరు ఒకటైనంత మాత్రమున రాగము ఒకటి కాదు. మోహన స్వరములు చీనా పాటలలోను, స్కాట్లండు జానపదములలోను వినిపించును. అంతమాత్రమున వారు మన వద్ద నేర్చినారని ఎవరనగలరు?

యంత్రమును చూచి బెదరవలసిన పనియు లేదు. వయొలిన్ పరాయి వాద్యమే. ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో అది తెలుగు వాద్యమైనది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు విద్యుత్తుతో పలుకు మాండొలిన్‌పై త్యాగరాజ కృతులను వినిపించి లోకమును మెప్పించినారు. ఆకాశవాణి 1940లో హార్మోనియమును వెలివేసి, 1971 వరకు దానిని తిరిగి రానీయలేదు. హార్మోనియము నిలిచినది, నిషేధము నిలువలేదు. నేడు సోమాజిగూడ దాటి అమీర్‌పేటలో అడుగిడినంతనే కంప్యూటరు శిక్షణాలయముల పలకలు వరుస కట్టి కనిపించును. అచటికి వచ్చు యువకులలో రాగజ్ఞానము గలవాడొకడు రేపు ఏ యంత్రమును ఎట్లు పలికించునో ఎవరెరుగుదురు?

కనుక గర్వపడవలసినచోట గర్వపడుదము. ఎవరును అడుగకయే, మెచ్చువారు ఉందురో లేదో చూడకయే, క్రొత్త యంత్రముపై పాత రాగమును శ్రద్ధగా వాయించిన ఒక వాద్యకారుని సాహసము మనది. ఆ గౌరవము చాలును. పేదరికములో పాత యంత్రము నుండి క్రొత్త ధ్వనిని రాబట్టిన చికాగో యువకుల కీర్తిని లాగి దానికి అతికించుట న్యాయము కాదు. సింగ్ గారి పట్ల మన అసలు లోపము వేరు: పొరుగువాడు మెచ్చువరకు మన ఇంటి వస్తువును మనము వినలేదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆ భూపాలిని, పేరు చెప్పకుండ, ఒకనాడు తరగతిలో వినిపింపుడు. అది ఏ రాగమో పిల్లలను కనుగొననిండు. మోహన అని ఒక్క పిల్ల గుర్తించినను ఆ పాఠము ఫలించినట్లే. ఎవరు ముందన్న వాదము తరువాత తీరికగా చేసికొనవచ్చును.