కంజి నోట్సులో మూడో కాలమ్ తెలుగులో ఎందుకు ఉండకూడదు?

జపనీస్ నేర్చుకుంటున్న మనవాళ్ల నోట్సులు ఎప్పుడైనా చూశారా? మొదటి కాలమ్‌లో కంజి, రెండో దాంట్లో ఉచ్చారణ, మూడో దాంట్లో ఇంగ్లీషు అర్థం. ఎన్5, ఎన్4 పరీక్షలకి దాదాపు అందరూ ఇలాగే చదువుతున్నారు. ఆ మూడో కాలమ్ తెలుగులో ఉండాలని నా వాదన. భాషాభిమానంతో అనట్లేదు, పాస్ అవ్వడం కోసమే అంటున్నా.

కంజి అంటే (గంజి కాదు) చైనా నుంచి జపాన్‌కి వెళ్లిన రాత. ఒక్కో గుర్తు ఒక్కో అర్థాన్ని మోస్తుంది. నిత్యం వాడే జాబితాలోనే 2136 ఉన్నాయి. అయితే అసలు తలనొప్పి ఆ సంఖ్య కాదు, ఒకే గుర్తుని రెండు మూడు రకాలుగా చదవాల్సి రావడం. చైనా నుంచి గుర్తుతో పాటు వచ్చిన ఉచ్చారణని ఒన్ యోమి అంటారు. అదే అర్థానికి జపాన్ వాళ్ల సొంత మాట కున్ యోమి. చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు.

మాది పొదిలి కాబట్టి పొగ కంజినే తీసుకుంటా. మొత్తం 13 గీతలు. ఎడమవైపు నిప్పు, కుడివైపు అడుగున మట్టి. ఆ మట్టి మీద ఉన్న భాగం నాకైతే బ్యారన్‌లో కర్రలకి వేలాడదీసిన ఆకులా కనిపిస్తుంది. అది పండితులు చెప్పింది కాదు, నా గుర్తు. ఈ కంజి విడిగా వస్తే 'కెమురి'. ఇంకో కంజితో కలిస్తే ఎక్కువగా 'ఎన్'. సిగరెట్ తాగొద్దనే బోర్డు మీద 'కిన్-ఎన్' అని ఉంటుంది. ఇంగ్లీషు కాలమ్‌లో మాత్రం రెండు చోట్లా 'స్మోక్' అనే రాసుకుంటాం. ఎప్పుడు ఏది చదవాలో అది చెప్పదు.

మన బస్టాండుల్లో బోర్డులు గుర్తు తెచ్చుకోండి. 'ధూమపానం నిషేధం' అని ఉంటుంది. ఇంట్లో ఎవరైనా "ఒరేయ్, ధూమం వస్తోంది, కిటికీ తియ్యి" అంటారా? విడిగా అయితే సొంత మాట పొగ, సమాసంలోకి వెళ్తే సంస్కృతం నుంచి తెచ్చుకున్న ధూమం. కున్, ఒన్ తేడా దాదాపు ఇదే. ప్రతిచోటా అతకదు లెండి. మనం పొగగొట్టం అంటాం, వాళ్లు అక్కడ కూడా ఎన్ వాడి 'ఎంతోత్సు' అంటారు. అయినా సగం దూరం నడిచేసినట్టే.

"తెలుగులో పొగ, ధూమం వేరువేరుగా రాస్తాం కదా, ఒకే గుర్తుకి ఇన్ని ఉచ్చారణలు మనకెక్కడివి?" అని మా రూమ్మేట్ అడిగాడు. 2 అంకె ఉంది కదా! విడిగా ఉంటే రెండు. 20లో ఇరవై. 2 టౌన్ స్టేషన్ అని రాసి ఉంటే టూ. ఒకటో తరగతి నుంచీ చదువుతున్నాం, ఎవరికీ కష్టమనిపించలేదు.

ఇప్పుడు పొగాకు. జపనీస్‌లో దీన్ని రెండు కంజిలతో రాస్తారు. మొదటిది పొగ, రెండోది గడ్డి. పొగ, ఆకు అని మనం కలుపుకున్నట్టే! కానీ ఆ రెండింటినీ కలిపి 'తబాకో' అని చదువుతారు. అందులో పొగ ఎంతవరకు, గడ్డి ఎంతవరకు అని విడదీయలేం. అర్థం చూసి గుర్తులు ఎంచుకున్నారు, పలకడానికి మాత్రం పోర్చుగీసు మాటే ఉంచుకున్నారు. ఇలాంటి చదువుడుకి 'జుకుజికున్' అని పేరు. (ఇప్పుడు ఈ మాటని చాలాచోట్ల కంజి లేకుండానే రాస్తున్నారు.) మనం మొక్కకి అర్థాన్ని బట్టి పేరు పెట్టుకున్నాం, హిందీ వాళ్లు తంబాకు అని శబ్దాన్ని పట్టుకున్నారు, జపాన్ వాళ్లు రెండూ చేశారు. మనం శబ్దాన్ని పట్టుకున్న సందర్భాలు లేవా అంటే, పొదిలి వేలం కేంద్రానికి వెళ్లండి. బేలు కొనేవాడు లేక వెనక్కి వస్తే దాన్ని 'నోబిడ్' అనే అంటారు. ఇంగ్లీషు రాని రైతుకి కూడా ఆ మాట బాగా తెలుసు, తెలియకపోతే బావుండు అనుకునేంతగా.

అలాంటి ఇళ్ల నుంచి వచ్చి, ఫీజు కట్టి, జపాన్ ఉద్యోగం మీద ఆశతో క్లాసులో చేరి నెలకే మానేసినవాళ్లు నాకు తెలుసు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కంజి అర్థం కోసం ముందు ఇంగ్లీషు మాట వెతుక్కోవాలి, ఆ తర్వాత దాని అర్థం. "నాకు లాంగ్వేజెస్ రావు భయ్యా" అని ఒకడు అన్నాడు. వాడికి రానిది జపనీస్ కాదు, మధ్యలో ఉన్న ఇంగ్లీషు.

పై లెవెల్స్‌కి పుస్తకాలు, యాప్‌లు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయని సీనియర్లు అంటారు. నిజమే, అప్పుడు ఇంగ్లీషులోనే చదువుదాం. మొదటి వంద కంజిలకి ఆ అవసరం లేదు. మిరపకాయ తీసుకోండి, 'తోగరాషి'. రాసే గుర్తుల్లో మొదటిది చైనా తాంగ్ వంశం పేరు. ఇక్కడ దానికి బయటి దేశం నుంచి వచ్చినది అని అర్థం. పక్కన సీమచింతకాయలోని 'సీమ' అని రాసుకుంటే ఇంకేం వివరణ కావాలి?

డిసెంబర్ పరీక్షలోపు ఈ వందకీ తెలుగు కాలమ్ తయారు చేద్దామని ఉంది. వారానికి పది చాలు. నిప్పు, నీళ్లు, మట్టితో మొదలుపెడదాం. జపనీస్ రానివాళ్లు కూడా రావచ్చు, వాళ్ల ఊరి మాటలు కావాలి.